ముక్కుపుడక చిలక కొత్త డిస్కులోకి మారిన పండగ

పొద్దున ఏడూ పదికి కోవిల్‌పట్టి బస్టాండు నుంచి విరుదునగర్ బస్సు కదిలింది. అది రోజూ కదిలే వేళే. కాకపోతే ఆ రోజు కిటికీ పక్కన మా మామ, ఇవతలి చివర నేను, మా ఇద్దరి మధ్య ఒక కొత్త కంప్యూటరు డబ్బా కూర్చుని ఉన్నాం. ఆ రోజుల్లో కంప్యూటరును బస్సులో తీసుకుపోవడమంటే పసిబిడ్డను తీసుకుపోవడమే. కుదుపు తగలకూడదు, ఎండ తగలకూడదు, పక్కవాళ్లు మాటిమాటికీ అట్టపెట్టె మూత ఎత్తి చూడకూడదు. కండక్టరు వచ్చి, ఇది సరుకా, మనిషా అని తమిళంలో అడిగాడు. సీటులో కూర్చుంది కాబట్టి మనిషే అనుకోమని మామ దానికీ ఒక టికెట్టు తీసుకున్నాడు. (సరుకు అంటే వెనక మిరపకాయ బస్తాల మీద పెట్టమంటారు. ఆ ఘాటు హార్డ్ డిస్కులోకి పోతుందని మామ భయం. డిస్కు మూత గట్టిగా ఉంటుందనీ, లోపలికి మిరపఘాటు పోదనీ నేను పుస్తకంలో చదివి ఉన్నాను. ఆ సంగతి బస్సు సాత్తూరు దాటేదాకా ఆయనకు వివరించాను. ఆ వయసులో నేను ఎవరూ అడగని విషయాలే ఎక్కువగా చెప్పేదాన్ని.)

మామ అంటే మా అమ్మ తమ్ముడు. మొదట రేడియోలు, టేపు రికార్డర్లు బాగుచేసేవాడు. తొంభైల చివర్లో ఆ పని తగ్గిపోతే అదే అంగట్లో, అదే బల్ల మీద, అదే స్క్రూడ్రైవర్లతో కంప్యూటర్లు విప్పడం మొదలుపెట్టాడు. నేను పాలిటెక్నిక్ ముగించి ఆయన దగ్గర పనికి చేరాను. మా వాళ్లం ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడతాం. కంప్యూటరు ముందు ఆ రెండూ చాలక ఇంగ్లీషు కూడా వచ్చి కూర్చునేది. మామకు ఇంగ్లీషు మీద కోపం లేదు గాని, ఏదైనా మాటకు అర్థం నచ్చకపోతే దాన్ని మార్చేసేవాడు. పాత హార్డ్ డిస్కులకు జానెడు పొడవున వెడల్పాటి బూడిదరంగు పట్టీ తీగ ఉండేది. ఒకే పట్టీకి రెండు డిస్కులు తగిలించవచ్చు. అయితే వాటిలో ఏది యజమానో ఏది బానిసో, బియ్యపుగింజంత ప్లాస్టిక్ ముక్క ఒకటి వెనక గుచ్చి తేల్చాలి. తేల్చకపోతే రెండూ అలిగి పలకవు. బానిస అనే మాట తన అంగట్లో వినపడకూడదని మామ వాటిని అన్న, తమ్ముడు అనేవాడు. అన్నను అన్నగా పెట్టినావా, తమ్ముణ్ణి వెనక్కి నెట్టినావా అని ఆయన లోపలి నుంచి అడుగుతుంటే, కొనడానికి వచ్చినవాళ్లు ఇది ఇంటి తగవనుకుని కాసేపాగి వస్తామని వెళ్లిపోయేవాళ్లు. ఆ గింజంత ముక్క ఎప్పుడూ కింద పడేది. పడితే నేను, మామ, ఒక్కోసారి వచ్చిన బేరగాడు కూడా మోకాళ్ల మీద కూర్చుని వెతికేవాళ్లం.

తర్వాత సన్న తీగ వచ్చింది. సాటా అన్నారు. ఎర్రగా, చిటికెన వేలంత వెడల్పు కూడా లేదు. ఒక డిస్కుకు ఒకటే తీగ. పాత డిస్కు వెనక వరసగా సూదుల్లాంటి మొలలుంటే, ఈ కొత్త డిస్కుకు మొలలే లేవు, మడతపెట్టిన మూలలా ఉన్న ఒక సన్నని సందు మాత్రం ఉంది. మొదటి డిస్కు మా అంగడికి వచ్చిన రోజు మామ దాన్ని అటూ ఇటూ తిప్పి, అన్నాతమ్ముల ముక్క ఎక్కడ గుచ్చాలో వెతికాడు. అలాంటిది అక్కర లేదని చెప్పాను. ఆయనకు ఎందుకో చిన్నబోయినట్టయింది.

"వేరు కాపురాలు పెట్టేసినారు పాపా," అన్నాడు. "ఇంక కొట్లాట లేదు, పలకరింపూ లేదు."

ఆ తర్వాత ఇంకో అనుమానం. ఇంత సన్నం ఒయరులో అంత సరుకు ఎట్లా పోతుందని. (తీగను మా వాళ్లు ఒయరు అంటారు.) పోతుందని, ఇంకా తొందరగా పోతుందని నేను లెక్కలతో సహా చెప్పాను. ఆయన లెక్కలు విన్నాడు గాని నమ్మింది మాత్రం కళ్లనే. పైగా ఆ కొత్త డిస్కును విండోస్ తనంతట తాను గుర్తుపట్టేది కాదు. పాత ఫ్లాపీలో ఒక ఫైలు వేసి పరిచయం చేయాలి. ఫ్లాపీల కాలం పోయిందని మేమే నలుగురికీ చెప్పి, ఉన్నవన్నీ పారేసి ఉన్నాం. చివరికి పని చేసే ఫ్లాపీ ఒకటి మామ రేడియో వాల్వుల డబ్బాలో దొరికింది. కొత్తదాన్ని లోపలికి పిలవాలంటే పాతది వచ్చి తలుపు తీయాల్సి వచ్చింది కదా అని ఆ పూట ఆయన ముఖంలో కొంచెం వెలుగు కనిపించింది.

ఇక పెద్దమ్మ. మా అమ్మకు అక్క, అంటే మామకూ అక్కే. విరుదునగర్‌లో ఆమెకు అగ్గిపెట్టెల లేబుళ్లు అచ్చువేసే చిన్న ప్రెస్సు ఉండేది. ఆమె పాత బేరం కళుగుమలైలోని ఒక అగ్గిపెట్టెల కంపెనీ. దాని లేబులు మీద పచ్చని చిలక. మొదట ఆ బొమ్మ గీసినప్పుడు కుంచె నుంచి ఎర్రసిరా చుక్క ఒకటి చిలక ముక్కు మీద పడిందట. ఎవరూ చూసుకోలేదు. లేబుళ్లు అచ్చయిపోయాయి, పెట్టెలు ఉత్తరాదికి వెళ్లిపోయాయి. అక్కడ చదువు రాని కొనుగోలుదార్లు ఆ చుక్కను పట్టుకుని, ముక్కుపుడక చిలక పెట్టె ఇమ్మని అడగడం అలవాటు చేసుకున్నారు. కొన్నేళ్లకు ప్రెస్సులో పనివాడొకడు, తప్పు దిద్దుతున్నాననుకుని ఆ చుక్క చెరిపేశాడు. ఇది దొంగ సరుకని అక్కడి వ్యాపారులు లోడు మొత్తం తిప్పి పంపారు. అప్పటి నుంచి ఆ చుక్క జోలికి ఎవరూ పోలేదు. అది ఎంత లావుండాలో, ముక్కు మీద ఎక్కడ ఉండాలో అంతా కంప్యూటరులో ఎక్కించి పెట్టారు.

ఆ చిలక ఉన్నది పెద్దమ్మ పాత హార్డ్ డిస్కులో, ఒక్కచోటే. కంప్యూటరు వచ్చాక, అంతకుముందు అచ్చుకు వాడిన పాత ఫిల్ములు ఎందుకని ఆమె పారేసింది. ముందుజాగ్రత్తగా మామ ఒక సీడీలో కూడా ఎక్కించి ఇచ్చాడు గాని, అది తళతళా మెరవడం చూసి పెద్దమ్మ దాన్ని నాగలాపురంలోని తన జొన్నచేలో దారానికి కట్టి వేలాడదీయించింది, కంకులు తినే చిలకలను తోలడానికి. ఆ సీడీ నిజంగానే చిలకలను తోలిందట. ఎండకూ గాలికీ మసిబారాక తెచ్చి కంప్యూటరులో పెడితే, ఆ కంప్యూటరు దాన్ని సీడీ అని ఒప్పుకోలేదు. అంతలో పాత డిస్కు టక్ టక్ మని చప్పుడు మొదలుపెట్టింది. అది ఎన్నాళ్లో బతకదని మాకు అర్థమైంది. కొత్త కంప్యూటరు మదురైలో పెద్ద కంపెనీ దగ్గర కొందామని పెద్దమ్మ కొడుకులు అన్నారు. తమ్ముడు ఉండగా పరాయివాళ్ల దగ్గరికి ఎందుకని ఆమె పట్టుబట్టింది. పట్టుబట్టిన తర్వాత మామను పక్కకు పిలిచి మాత్రం గట్టిగా చెప్పింది. విజయదశమి పొద్దున ముక్కుపుడక చిలక అచ్చుకు ఎక్కాలి. ఎక్కకపోతే కళుగుమలై బేరం పోతుంది. తమ్ముడి మాట పట్టుకుని బేరం పోగొట్టుకుందని కొడుకులు ఆమెను బతికినంత కాలం అంటూనే ఉంటారు.

అందుకే ఆయుధపూజ నాటి పొద్దున మేము ఆ బస్సులో ఉన్నాం.

విరుదునగర్ చేరగానే పాత డిస్కును దాని వెడల్పు పట్టీతోనే కొత్త కంప్యూటరుకు తగిలించాం. (ఆ ఏళ్లలో వచ్చిన బోర్డుల్లో పాతదానికీ కొత్తదానికీ రెండు రకాల సాకెట్లూ ఉండేవి. పోయేవాళ్లకూ వచ్చేవాళ్లకూ ఒకే వసారా.) పాతదాని నుంచి కొత్తదానికి ఫైళ్లు పోవడం మొదలైంది. పాత డిస్కు వేడెక్కకుండా మామ దాని ముందు టేబుల్ ఫ్యాను పెట్టి, జ్వరం చూసినట్టు మధ్యమధ్య చెయ్యి ఆనించి చూస్తూ కూర్చున్నాడు. అసలు చిక్కు అది కాదు. ఆయుధపూజ నాడు పూజవేళకు పనిముట్లన్నీ ఆపాలి. కత్తెర నుంచి అచ్చు మిషను దాకా అన్నీ కడిగి, తుడిచి, బొట్టు పెట్టి దేవుడి ముందు ఉంచితే, మర్నాడు విజయదశమి పొద్దుటిదాకా ఎవరూ వాటిని ముట్టుకోకూడదు. ప్రెస్సులో అన్నీ ఆగిపోయాయి. మా కంప్యూటరు ఒక్కటే ఆగలేదు. పెద్దమ్మ కర్పూరం పళ్లెం చేతిలో పట్టుకుని మా వెనక నిలబడింది. తెర మీద ఇంకా పన్నెండు నిమిషాలు అని ఉంది. కాసేపటికి నలభై అంది. మళ్లీ అయిదు అంది.

"మీ పెట్టె ఒక మాట మీద నిలబడదా?" అంది పెద్దమ్మ.

అది సుమారుగా వేసే అంచనా అని నేను వివరించబోయాను. సుమ్మా ఉండు పాపా, అని మామ నా నోరు మూయించాడు. దేవుడు కాసేపు ఆగుతాడు గాని పాత డిస్కు ఆగదని ఆయనకు తెలుసు. అయినా ఆ మాట అక్కకు ఎట్లా చెప్పగలడు? చివరికి తెర మీది గీత నిండింది, చిలక కొత్త డిస్కులోకి వచ్చిందని నేను పేరు చూసి ఖాయం చేశాను. పాత డిస్కు ఇంకొన్నిసార్లు టక్‌మని, తర్వాత కీచుమని ఆగిపోయింది. ఇక ఎంత ప్రయత్నించినా తిరగలేదు. ముసలిది పని ముగించి పోయిందని మామ దానికి దణ్ణం పెట్టాడు. మా ముగ్గురికీ ఆ పూట ఎంత తేలికపడిందో చెప్పలేను. అందుకే పెద్దమ్మ, కొత్తదాన్ని డబ్బాలో దాచి పూజ చేస్తే అది ఏం పూజ, బయటికి తీసి పెట్టండి అన్నప్పుడు మామ సరేనన్నాడు. కొత్త డిస్కును విప్పి, అరటాకు మీద స్క్రూడ్రైవర్లకూ సిరా గరిటెలకూ మధ్య పెట్టాడు. పెద్దమ్మ గంధం గిన్నె అందుకుంది. మేము మరమరాలు, శనగలు, బెల్లం తిని, ఏ పనిముట్టూ ముట్టుకోకుండా ఆమె ఇంట్లోనే ఉండిపోయాం.

మర్నాడు మంచివేళ చూసి మామ డిస్కును మళ్లీ బిగించాడు. అక్క చూస్తుండగా దాని మీది బొట్టు తుడవలేదు. ఎర్ర తీగ లోపలికి పోవడానికి మొరాయించింది. కొత్తది కదా, బిగువుగా ఉంటుందని ఆయనే అని, బొటనవేలితో గట్టిగా నొక్కాడు. స్విచ్చి వేస్తే తెర మీద డిస్కు లేదని వచ్చింది. మళ్లీ వేశాడు. లేదు. తీగ మార్చాం, సాకెట్టు మార్చాం. ఫ్లాపీ పెట్టి అడిగాం, లేదనే చెప్పింది. పాత డిస్కు తగిలించి చూశాం, అది పలకనే లేదు. నేను చదివిన మూడు పుస్తకాల్లోనూ ఇలాంటి చోట ఏం చేయాలో ఒకే మాట రాసి ఉంది, ముందే ఇంకో నకలు తీసి పెట్టుకోవాలని. మా నకలు నాగలాపురం చేలో ఉంది.

వాకిట్లో అచ్చు మిషను దగ్గర పనివాళ్లు సిరా కలిపి సిద్ధంగా ఉన్నారు. పెద్ద కొడుకు గుమ్మంలో నిలబడి, చిలక ఎక్కడికి ఎగిరిపోయింది మామా, మదురైకా అని అడిగాడు. ఎవరూ నవ్వలేదు. లోపల ఫోను మోగుతుంటే, అది కళుగుమలై నుంచేనని అందరికీ తెలిసి ఎవరూ ఎత్తలేదు. ఎప్పుడూ నోరు ఆగని పెద్దమ్మ ఆ పూట ఏమీ అనలేదు. అదే మామకు భరించరానిదయింది. ఆయన కాగితాల కట్ట మీద కూలబడి, నేల చూస్తూ అన్నాడు.

"అక్కా, నేను దీంట్లో చెయ్యి పెట్టకుండా ఉండాల్సింది. రేడియోలతోనే ఉండాల్సినవాణ్ణి."

పెద్దమ్మ వచ్చి ఆయన పక్కన అదే కట్ట మీద కూర్చుంది. "పోతే పోనీ," అంది. "చిలక పోతే ఇంకో బొమ్మ. నిన్ను కాదని మదురైవాళ్ల దగ్గరికి పోయుంటే నాకు నిద్ర పట్టి ఉండునా?"

ఆమె అంత మెత్తగా మాట్లాడటం నేను అంతవరకూ వినలేదు. మామ కూడా విని ఉండడు, ఎందుకంటే ఆయన ముఖం ఇంకా వాడిపోయింది. ఇద్దరూ అట్లా కూర్చుని ఉండగా గదిలో ఒక వాసన మొదలైంది. మామ ఉలిక్కిపడి లేచి, కాలిపోతా ఉండాది పాపా, స్విచ్చి ఆపు అన్నాడు. ఆపాను. కాలిన వాసన కాదది. చల్లగా, గుడి ముంగిట ఉన్నట్టు ఉంది. డిస్కు తిరిగి తిరిగి వేడెక్కి గంధం వాసన వేస్తోంది. పెద్దమ్మ కళ్లు మూసుకుని చేతులు జోడించింది. దేవుడు వచ్చినాడు, ఇంక కష్టం లేదు అంది. నేను మాత్రం డిస్కును విప్పి చేతిలోకి తీసుకుని చూశాను. మూత మీద ఒక బొట్టు ఉంది. అంతవరకు నిన్న నేను చూసిందే. పక్కల కూడా ఉన్నాయి.

"పెద్దమ్మా, దీనికి గందం ఎన్నిచోట్ల పెట్టినావు?"

"పైన పెడ్తి. ఆ పక్క, ఈ పక్క పెడ్తి. అప్పురం నోట్లో కొంచెం పెడ్తి."

"నోట్లోనా?"

"అదో, ఆ సందు. నోరే కదా? కొత్తగా ఇంట్లోకి వచ్చినదానికి నోరు తీపి చేయకుండా ఎట్ల? చక్కెర పెడితే చీమలు పడతాయని గందం పెడ్తి."

(అప్పురం అంటే తర్వాత అని. ఆ మాట ఇంకెక్కడ విన్నా నాకు ఆ రోజే గుర్తుకొస్తుంది.) మడత మూలలాంటి ఆ సన్నని సందు నిండా గంధం, రాత్రికి రాత్రి ఎండి, గోడకు సున్నం పట్టినట్టు పట్టుకుని ఉంది. పాత డిస్కు అయితే మొలలు చూసి ఎవరూ వేలు పెట్టరు. ఇన్నేళ్లూ పెద్దమ్మ దాని వీపు మీద బొట్టు పెట్టి ఊరుకుంది, అది ఏ ఫిర్యాదూ లేకుండా పనిచేసింది. నోరున్న డిస్కు ఆమె ఇంటికి రావడం ఇదే మొదలు. మామ ముందు నా వైపు చూశాడు, తర్వాత అక్క వైపు చూశాడు, తర్వాత కాగితాల కట్ట మీద పడి నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు ఆగేలా లేదని పెద్దమ్మకు కోపం వచ్చింది. చీమలు పట్టలేదు కదా, ఇంకేం కావాలి నీకు అని ఆమె గదమాయిస్తే ఆయన మరీ నవ్వాడు.

అచ్చు పలకలు తుడిచే స్పిరిటు ప్రెస్సులోనే ఉంది. కొత్త టూత్‌బ్రష్షు ఒకటి తెప్పించి, మెత్తని కుచ్చులతో నేను ఆ సందు తోమాను. పసిదాని నోరు, మెల్లంగా తోమమని పెద్దమ్మ పక్కనే నిలబడి చెబుతూనే ఉంది. తీగకు పట్టినదీ తుడిచాం. ఫ్యాను ముందు పెట్టి బాగా ఆరనిచ్చాం. బిగించి స్విచ్చి వేస్తే డిస్కు కనిపించింది. మామ ఇంకేమీ చూడనివ్వకుండా ముందు చిలకను తెరవమన్నాడు. తెర నిండా పచ్చగా వచ్చింది.

పెద్దమ్మ కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరికి వంగింది. చూసి, గబుక్కున వెనక్కి జరిగింది.

"రేయ్ తమ్ముడా, దీనికి రెండు పుడకలు ఉండాయి."

నేనూ వంగి చూశాను. నిజంగానే ముక్కు మీద ఒక ఎర్రచుక్క, దాని పక్కనే ఇంకొకటి, ఇంకొంచెం లావుగా. ఫైలు చెడిపోయిందని నేను లోపల్లోపల కారణాలు వెతుక్కుంటున్నాను. మామ భుజం మీది తువ్వాలు తీసి, తెర అద్దం తుడిచాడు. రెండో పుడక తువ్వాలుకు అంటుకుని వచ్చేసింది. పూజ నాడు పెద్దమ్మ తెరకు పెట్టిన కుంకుమ అది. ఇక ఆ గదిలో నవ్వనివాళ్లు లేరు. గుమ్మంలో నిలబడిన పెద్ద కొడుకు కూడా నవ్వి, లోపలికి పోయి మళ్లీ మోగుతున్న ఫోను ఎత్తాడు. ఆ మధ్యాహ్నానికి ముక్కుపుడక చిలకలు కట్టలు కట్టలుగా అచ్చయి, సిరా ఆరక ముందే కళుగుమలై వ్యాను వచ్చి నిలబడింది. ఇంత సన్నం ఒయరులో అంత చిలక వచ్చిందా అని మామ సాయంత్రం తిరుగు బస్సులో తనలో తాను అనుకుంటూ కూర్చున్నాడు. నేను వివరించలేదు. అది నేను మొదటిసారి నోరు మూసుకున్న సందర్భమని ఆయన మా అమ్మకు చెప్పాడట.

ఆ తర్వాత ప్రతి ఆయుధపూజకూ పెద్దమ్మ మామకు ఫోను చేసేది. మిషనుకు ఎక్కడ పెట్టొచ్చు, ఎక్కడ పెట్టకూడదు అని అడిగి, ఆయన చెప్పినచోటే గంధం పెట్టేది. మామ పోయాక కొన్నేళ్లు నాకు చేసింది. వీపు మీద పెట్టు పెద్దమ్మా అనేదాన్ని. ఇప్పుడు ఆమె కూడా లేదు. ప్రెస్సు ఉన్న చోట మొబైల్ ఫోన్ల అంగడి ఉంది.

నేను మదురైలో ఒక కంపెనీలో పనిచేస్తున్నాను. ఇప్పటి డిస్కులకు పట్టీ లేదు, ఎర్ర తీగ కూడా లేదు. చూయింగ్ గమ్ బిళ్లంత పలక ఒకటి నేరుగా బోర్డు మీద కూర్చుంటుంది. దానికి నోరెక్కడో, వీపెక్కడో ఎవరూ అడగరు. కొత్తగా చేరిన అమ్మాయిలు నాకు దాని వేగం గురించి లెక్కలతో సహా చెబుతారు, నేను అడగకపోయినా. అప్పుడు ఆ బస్సులో సాత్తూరు దాటేదాకా మాట్లాడిన పిల్ల గుర్తుకొచ్చి నవ్వు వస్తుంది. ఆ పిల్లను అంతసేపు భరించిన మనిషి మీద ప్రేమ కలుగుతుంది. పండగ నాడు మా ఆఫీసు గుమ్మానికి అరటిమొక్కలు కడతారు, గాజు తలుపుకు బొట్టు పెడతారు, మరమరాలు పంచుతారు. తలుపు అవతల మిషన్లు పనిచేస్తూనే ఉంటాయి. పూజవేళకు వాటిని ఎవరూ ఆపరు.